కప్పు గెలిచిన మరుసటి ఏడాది: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ మీద మనవాళ్లు ఇన్ని ఉత్తరాలు రాస్తారని అనుకోలేదు. వచ్చినవాటిలో ఎక్కువ భాగం ఒకే జట్టు గురించి. అది కనెటికట్ యూనివర్సిటీ, అందరూ పిలిచే పేరు యూకాన్. మార్చిలో మొదలయ్యే జాతీయ నాకౌట్ టోర్నమెంట్‌ని 2023లో, 2024లో వరుసగా గెలిచి ఛాంపియన్ అయిన అక్కడి అబ్బాయిల జట్టు 2024-25 సీజన్‌లో ఎందుకు తడబడిందన్నదే అందరి సందేహం. అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేశాం. హైదరాబాద్ క్రికెట్ ప్రశ్నలు పంపినవాళ్లు వచ్చే సంచిక దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: నేను హార్ట్‌ఫర్డ్‌లో ఇన్సూరెన్స్ కంపెనీలో ఐటీ ఉద్యోగం చేస్తున్నాను. రెండేళ్లపాటు మార్చి వచ్చిందంటే ఆఫీసంతా పండగే. 2025లో మాత్రం యూకాన్ రెండో రౌండ్‌లోనే ఇంటికి వచ్చేసింది. గెలుపు తలకెక్కిందని మా టీమ్‌లో అందరూ అంటున్నారు. నిజమేనా? (ఒక పాఠకుడు, హార్ట్‌ఫర్డ్)

జవాబు: తలకెక్కిందనడం తేలిక, ఎవరూ రుజువు అడగరు కాబట్టి. నేను మాత్రం ఒప్పుకోను. అసలు ఎవరి తలకెక్కాలి చెప్పండి, గెలిచినవాళ్లు అక్కడ ఉంటే కదా! 2024 ఏప్రిల్‌లో పర్డ్యూని 75-60తో ఓడించిన ఫైనల్ గుర్తు తెచ్చుకోండి. మొదటి ఐదుగురిలో ట్రిస్టన్ న్యూటన్, క్యామ్ స్పెన్సర్, స్టెఫాన్ కాసిల్, డానవన్ క్లింగన్, అలెక్స్ కరబాన్ ఉన్నారు. జూన్ డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) కాసిల్ నాలుగో ఎంపికగా శాన్ ఆంటోనియోకి, క్లింగన్ ఏడో ఎంపికగా పోర్ట్‌లాండ్‌కి వెళ్లిపోయారు. న్యూటన్‌నీ స్పెన్సర్‌నీ రెండో రౌండ్‌లో తీసుకున్నారు. ఐదుగురిలో నలుగురు ఖాళీ! కరబాన్ కూడా డ్రాఫ్ట్‌లో పేరు ఇచ్చి, చివరికి వెనక్కి తీసుకుని కాలేజీకే తిరిగొచ్చాడు.

వెళ్లినవాళ్లు ఏం పని చేసేవాళ్లో చూస్తే విషయం ఇంకా బాగా అర్థమవుతుంది. క్లింగన్ ఏడడుగుల మనిషి. బుట్ట దగ్గరికి ఎవరైనా దూసుకొస్తే వాళ్ల షాట్ అడ్డుకోవడమో, కనీసం కంగారు పెట్టడమో అతని డ్యూటీ. 2024 టోర్నమెంట్ క్వార్టర్‌ఫైనల్లో ఇల్లినాయ్‌తో స్కోరు 23-23 దగ్గర ఉండగా యూకాన్ వరుసగా 30 పాయింట్లు కొట్టింది, అవతలివాళ్లకి ఒక్కటంటే ఒక్క పాయింట్ రాలేదు, దానికి పెద్ద కారణం ఈ క్లింగనే. వెనకాల అంత మనిషి నిలబడి ఉంటే ముందు, బుట్టకి దూరంగా ఆడే గార్డులు ధైర్యంగా మీద పడి డిఫెండ్ చేస్తారు, ఒకవేళ తప్పించుకుపోయినా వెనక ఆయన చూసుకుంటాడులే అని. ఆయన పోయాక అదే గార్డులు అదే ధైర్యంతో ఆడబోయి ఫౌల్ మీద ఫౌల్ చేశారు. 2024-25 సీజన్ మొత్తం ఈ జట్టుని పట్టి పీడించింది ఫౌళ్లే. న్యూటన్ లాగా బంతిని నెమ్మదిగా నడిపించే గార్డ్ కూడా లేకుండా పోయాడు. ఆ బాధ్యత మీద పడిన హసన్ డియారా మోకాలి నొప్పితోనే చాలా మ్యాచ్‌లు లాక్కొచ్చాడు. సెయింట్ మేరీస్ నుంచి ఎంతో ఆశతో తెచ్చుకున్న ఎయిడన్ మహేనీ ఇక్కడి ఆటలో ఇమడలేకపోయాడు.

అయినా 24 గెలుపులు, 11 ఓటములు. మిగతా కాలేజీల్లో దీనికి సన్మానం చేస్తారండీ.

ప్రశ్న: ఛాంపియన్ టీమ్ ఒక్క ఏడాదిలో చెల్లాచెదురు కావడం ఏమిటి? కాలేజీ చదువు నాలుగేళ్లు కదా? (విజయవాడ)

జవాబు: చదువు నాలుగేళ్లే, ఆట కాదు. ఎన్‌బీఏ రూల్ ప్రకారం హైస్కూల్ అయిపోయి ఒక ఏడాది గడిచి, 19 ఏళ్లు వస్తే డ్రాఫ్ట్‌కి పోవచ్చు. 2006 డ్రాఫ్ట్ నుంచి ఇది అమల్లో ఉంది. కాబట్టి నిజంగా గొప్ప కుర్రాడు కాలేజీలో ఒక్క ఏడాది కనిపిస్తాడు, ఆ తర్వాత టీవీలో కనిపిస్తాడు. కాసిల్ అంతే, యూకాన్‌లో ఒకే సీజన్, మరుసటి ఏడాదికే ఎన్‌బీఏ రూకీ ఆఫ్ ద ఇయర్, అంటే కొత్తవాళ్లలో అత్యుత్తమ ఆటగాడు.

ఇది పాత సంగతి. కొత్తవి రెండు ఉన్నాయి. 2021 నుంచి ఆటగాళ్లు తమ పేరుతో, ఫొటోతో డబ్బు సంపాదించుకోవచ్చు, దీన్నే ఎన్‌ఐఎల్ అంటున్నారు. దాదాపు అదే సమయంలో ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి మారితే ఏడాది ఖాళీగా కూర్చోవాలన్న పాత నిబంధన పోయింది, 2024కల్లా ఎన్నిసార్లు మారినా అడిగేవాళ్లు లేరు. పైగా 2025 జులై నుంచి కాలేజీలే నేరుగా ఆటగాళ్లకి డబ్బు ఇవ్వొచ్చు, మొదటి ఏడాది ఒక్కో యూనివర్సిటీ అన్ని ఆటలకీ కలిపి దాదాపు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా. దీంతో ఏమైందంటే, ఏటా ఐపీఎల్ మెగా వేలం జరుగుతూ, అందులో ‘రిటైన్’ అన్న సౌకర్యమే లేకపోతే ఎలా ఉంటుందో అలా తయారైంది. కోచ్ తన సొంత ఆటగాడిని కూడా ఏటా మళ్లీ ఒప్పించుకోవాలి. ఈ మార్పిడి దుకాణానికి ట్రాన్స్‌ఫర్ పోర్టల్ అని పేరు. ఎంత దారుణమంటే యూకాన్ 2025లో ఓడింది మార్చి 23న, పోర్టల్ తెరుచుకున్నది మార్చి 24న. ఓడిపోయి ఏడవడానికి కూడా టైమ్ లేదు.

ఒక మాట ఒప్పుకోవాలి, యూకాన్‌కి మొదట్లో ఈ పద్ధతే కలిసొచ్చింది. 2023 కప్పు తర్వాత అడామా సనోగో, జోర్డన్ హాకిన్స్, ఆండ్రే జాక్సన్ వెళ్లిపోతే రట్గర్స్ నుంచి స్పెన్సర్‌ని తెచ్చుకున్నారు, హైస్కూల్ నుంచి కాసిల్ వచ్చాడు, న్యూటన్, కరబాన్, క్లింగన్ ఉండిపోయారు. ఫలితం 37 గెలుపులు, 3 ఓటములు. అంటే మొదటి కప్పు కంటే రెండో ఏడాది జట్టే గట్టిది. ఇలా జరగడం చాలా అరుదు. దాన్ని చూసి మూడోసారి కూడా అంతే అవుతుందని అందరూ అనుకోవడం వల్లే ఇంత నిరాశ.

ప్రశ్న: డిఫెండింగ్ ఛాంపియన్‌కి మరుసటి టోర్నమెంట్‌లో నేరుగా ఎంట్రీ ఉంటుందా సార్? మా కాలేజీ టోర్నమెంట్‌లో ఉంటుంది. (ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ)

జవాబు: ఉండదు తమ్ముడూ. 2025 టోర్నమెంట్‌నే చూడండి, 68 జట్లలో 31 జట్లు తమ తమ కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీలు కలిసి ఆడుకునే లీగ్) గెలిచి వచ్చాయి, మిగతా 37ని 12 మంది సభ్యుల కమిటీ ఎంపిక చేసింది. నిరుడు ఏం చేశారన్నది ఆ గదిలో ఎవరూ అడగరు. 1985లో టోర్నమెంట్‌ని 64 జట్లకి పెంచాక, ఛాంపియన్లు మరుసటి ఏడాది టోర్నమెంట్‌లో లేకుండా పోయిన సందర్భాలు చాలానే ఉన్నాయి. 1987లో లూయీవిల్, 1989లో కాన్సాస్ (వాళ్లది నిషేధం, అది వేరే కథ), 2008లో ఫ్లోరిడా, 2010లో నార్త్ కరొలైనా, 2013లో కెంటకీ, 2015లో ఇదే యూకాన్. మీ కాలేజీ పద్ధతే దయగలది.

ప్రశ్న: హవాయిలో వరుసగా మూడు ఓడారట కదా, అక్కడే సీజన్ పోయిందంటారా? ఆ కోచ్ నేల మీద పడిపోయిన వీడియో నేనూ చూశాను. (డల్లాస్)

జవాబు: పోయిందని అనను గానీ అసలు రంగు బయటపడింది అక్కడే. 2024 నవంబర్, మావీ ఇన్విటేషనల్. 2023 ఆగస్టు కార్చిచ్చు తర్వాత ఈ టోర్నమెంట్ మళ్లీ లహైనాకి తిరిగొచ్చిన ఏడాది అది. చిన్న హాలు, ప్రేక్షకులు దాదాపు కోర్టు మీదే కూర్చున్నట్టుంటారు. యూకాన్ అప్పటికి దేశంలో రెండో ర్యాంక్, వెనక్కి లెక్కేస్తే 17 మ్యాచ్‌లుగా ఓటమి లేదు. మెంఫిస్‌తో ఓవర్‌టైమ్‌లో 92-92 ఉండగా, నిమిషం కూడా మిగలని టైమ్‌లో కొత్త కుర్రాడు లియమ్ మెక్‌నీలీ రీబౌండ్ (షాట్ తప్పి వెనక్కొచ్చే బంతి) కోసం ఎగిరితే రెఫరీ ఫౌల్ ఇచ్చాడు. కోచ్ డాన్ హర్లీ నమ్మలేక వెల్లకిలా నేల మీద పడిపోయాడు, ఆ ప్రవర్తనకి శిక్షగా, ముందు ఫౌల్‌కి తోడు టెక్నికల్ ఫౌల్ పడింది. ఆ రెండిటికీ దక్కిన నాలుగు ఫ్రీ త్రోలు (ఎవరూ అడ్డుకోని, ఒక్కో పాయింట్ షాట్లు) మెంఫిస్ ఆటగాడు వరుసగా వేశాడు. స్కోరు 99-97.

ఆ ఫౌల్ సరైనదేనా అంటే నాకూ అనుమానమే. కానీ టెక్నికల్ మాత్రం హర్లీ చేతులారా తెచ్చుకున్నది, అందులో అనుమానం లేదు. రెండు పాయింట్ల తేడాతో ఓడిన మ్యాచ్‌లో కోచ్ కోపం ఖరీదు ఎంతో మీరే లెక్కేసుకోండి. మర్నాడు కొలరాడోతో 73-72, ఆ మర్నాడు డేటన్‌తో 85-67. మూడో మ్యాచ్‌లో అయితే పోరాటం కూడా లేదు.

తర్వాత కోలుకున్నారు, అది కూడా చెప్పుకోవాలి. డిసెంబర్‌లో బేలర్, టెక్సస్, గొన్జాగా లాంటి పెద్ద జట్లని వరుసగా కొట్టారు. ఇక గాడిలో పడ్డట్టే అనుకుంటుండగా జనవరి ఒకటో తేదీన మెక్‌నీలీ చీలమండ దెబ్బతింది, ఎనిమిది మ్యాచ్‌లు పోయాయి. తిరిగొచ్చాక ఫిబ్రవరిలో క్రైటన్ మీద, అదీ వాళ్ల ఊళ్లో, ఒక్కడే 38 పాయింట్లు వేసి గెలిపించాడు. సరిగ్గా నాలుగు రోజులకి, ఆ సీజన్ మొత్తంలో ఏడు మ్యాచ్‌లే గెలిచిన సీటన్ హాల్ చేతిలో ఒక్క పాయింట్‌తో ఓడారు. నాకు ఈ సీజన్‌లో నచ్చిందీ నచ్చనిదీ రెండూ ఆ నాలుగు రోజుల్లోనే ఉన్నాయి. కొత్తగా కలిసిన జట్టుకి మంచి రోజు వస్తుంది, కానీ ఆ మంచి రోజుని మర్నాడు మళ్లీ తెచ్చుకోవడం రాదు. 2024 జట్టుకి ఆ పని ఊపిరి తీసినంత అలవాటు.

ప్రశ్న: ఎనిమిదో సీడ్ అంటే మంచిదా చెడ్డదా? తొమ్మిదో సీడ్ కంటే మంచిదే కదా? (ఒక పాఠకురాలు, వరంగల్)

జవాబు: బాగా అడిగారు, కాగితం మీద చూస్తే మంచిదే. మొదటి వడపోత మ్యాచ్‌లు పోగా మిగిలిన జట్లు నాలుగు రీజియన్లలో, ఒక్కోదాంట్లో 16. బలాన్ని బట్టి వాటికి ఇచ్చే వరుస నంబరే సీడ్. ఎనిమిదికి మొదట తొమ్మిదితో మ్యాచ్, గెలిస్తే రెండో మ్యాచే ఒకటో సీడ్‌తో. అంటే టోర్నమెంట్‌లోని నాలుగు అగ్రజట్లలో ఒకదాన్ని మొదటి వారాంతంలోనే ఢీకొట్టాలి. పదో సీడ్‌కి కూడా ఆ బాధ లేదు. అందుకే కోచ్‌లు ఎనిమిది అంటే భయపడతారు. బిగ్ ఈస్ట్ కాన్ఫరెన్స్‌లో మూడో స్థానం, కాన్ఫరెన్స్ టోర్నమెంట్‌లో సెమీఫైనల్ ఓటమి, ఆ రికార్డుకి యూకాన్‌కి ఎనిమిదే దక్కింది. ఓక్లహోమాని 67-59తో గెలిచారు. అది టోర్నమెంట్‌లో వాళ్లకి వరుసగా 13వ గెలుపు. తర్వాత రాలీలో ఒకటో సీడ్ ఫ్లోరిడా.

చివరి మూడు నిమిషాల దాకా ఎవరిదో తెలియని మ్యాచ్ అది. వాల్టర్ క్లేటన్ జూనియర్ అని ఫ్లోరిడా గార్డ్ ఒకడు, ఆఖర్లో ఎదుటివాళ్ల చేతులు మీద ఉన్నా త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) వేశాడు, 77-75తో అయిపోయింది. ఆ ఫ్లోరిడానే ఏప్రిల్ 7న శాన్ ఆంటోనియోలో హ్యూస్టన్‌ని 65-63తో ఓడించి కప్పు తీసుకెళ్లింది. అంటే యూకాన్ తన కిరీటాన్ని రెండు పాయింట్ల తేడాతో, సరిగ్గా దాన్ని పెట్టుకోబోయేవాడికే అప్పగించింది. ఇంకో తమాషా చూడండి. యూకాన్ కంటే ముందు వరుసగా రెండేళ్లు గెలిచిన జట్టు ఏదంటే అదీ ఫ్లోరిడానే, 2006, 2007ల్లో.

ప్రశ్న: హర్లీ లేకర్స్‌కి వెళ్లి ఉంటే పరువు దక్కేది కదా? అంత డబ్బు ఎవరైనా వదులుకుంటారా? (హైదరాబాద్)

జవాబు: 2024 జూన్‌లో ఎన్‌బీఏ జట్టు లాస్ ఏంజెలిస్ లేకర్స్ ఆయనకి ఆరేళ్లకి దాదాపు 7 కోట్ల డాలర్లు ఇస్తామన్నట్టు వార్తలొచ్చాయి. వద్దన్నాడు. యూకాన్ ఆరేళ్లకి 5 కోట్ల డాలర్ల కొత్త కాంట్రాక్ట్ ఇచ్చింది, కాబట్టి మరీ జాలి పడక్కర్లేదు. వెళ్లి ఉంటే పరువు దక్కేదంటారా, ఎన్‌బీఏలో 82 మ్యాచ్‌ల సీజన్‌లో ప్రతి ఫౌల్‌కీ నేల మీద పడే కోచ్‌ని అక్కడి స్టార్లు ఎన్నాళ్లు భరిస్తారో నాకైతే అనుమానం.

ఆయన ఇంటి సంగతి తెలిస్తే ఆ మొండితనం కొంత అర్థమవుతుంది. తండ్రి బాబ్ హర్లీ సీనియర్ జెర్సీ సిటీలోని సెయింట్ ఆంథొనీ హైస్కూల్‌కి కోచ్‌గా చేశాడు, దేశమంతా పేరున్న మనిషి. అన్న బాబీ హర్లీ డ్యూక్ యూనివర్సిటీ పాయింట్ గార్డ్. 1991, 1992ల్లో వరుసగా రెండు కప్పులు గెలిచాడు. అంటే అన్నదమ్ములిద్దరూ, ఒకరు ఆటగాడిగా ఒకరు కోచ్‌గా, వరుసగా రెండేళ్లు గెలిచారు. మూడోసారి ఇద్దరూ రెండో రౌండ్‌లోనే ఆగిపోయారు, బాబీ 1993లో కాలిఫోర్నియా యూనివర్సిటీ చేతిలో, డాన్ 2025లో ఫ్లోరిడా చేతిలో. తమ్ముడికి అన్న రికార్డు దాటే అవకాశం అలా చేజారింది.

ఫ్లోరిడా మ్యాచ్ తర్వాత కోర్టు నుంచి బయటికెళ్లే దారిలో నడుస్తూ రెఫరీల మీద ఆయన నోరు పారేసుకున్న వీడియో బయటికొచ్చింది. నాకు ఆయన కోచింగ్ ఎంత ఇష్టమో ఆ ప్రవర్తన అంత ఇష్టం లేదు. ‘గెలిచినప్పుడు అదే కోపాన్ని పట్టుదల అన్నారుగా’ అని మీరు అడగొచ్చు. అవును, అన్నారు. నేను అప్పుడూ అనలేదు.

ప్రశ్న: చరిత్రలో ఇంతకంటే ఘోరంగా పడిపోయిన ఛాంపియన్ ఉందా? (గుంటూరు)

జవాబు: ఘోరం అంటే కెంటకీ. 2012లో ఆంథొనీ డేవిస్‌తో కప్పు గెలిచారు. ఆ జట్టు నుంచి ఒకే డ్రాఫ్ట్‌లో ఆరుగురు వెళ్లారు, మొదటి రెండు ఎంపికలూ వాళ్లవే. మరుసటి ఏడాది కొత్త పిల్లలతో మొదలుపెడితే, ఉన్న ఒక్క పెద్ద దిక్కు నెర్లెన్స్ నోయెల్‌కి ఫిబ్రవరిలో మోకాలి లిగమెంట్ తెగింది. టోర్నమెంట్‌కి పిలుపు రాలేదు. రెండో తరగతి టోర్నమెంట్ ఎన్‌ఐటీకి పంపితే, సొంత రప్ అరీనాలో ఆ రోజుల్లోనే అసలు టోర్నమెంట్ మ్యాచ్‌లు జరుగుతున్నాయి కాబట్టి వాళ్లకే చోటు లేదు! పెన్సిల్వేనియాలో రాబర్ట్ మోరిస్ అనే చిన్న కాలేజీ జిమ్‌కి వెళ్లి 59-57తో ఓడి వచ్చారు. కెంటకీ అభిమానులకి ఇప్పటికీ ఆ పేరు చెబితే చాలు.

ఫ్లోరిడాది ఇంకో రకం. 2006లో గెలిచిన ఐదుగురూ, జోకిమ్ నోవా, ఆల్ హార్‌ఫర్డ్, కోరీ బ్రూవర్, టారియన్ గ్రీన్, లీ హంఫ్రీ, డబ్బు కాదనుకుని తిరిగొచ్చి 2007లో మళ్లీ గెలిచారు. ఆ తర్వాత ఐదుగురూ ఒకేసారి వెళ్లిపోయారు, ముగ్గురు డ్రాఫ్ట్‌లో మొదటి తొమ్మిది లోపే. 2008లో టోర్నమెంట్‌లో చోటే లేదు. ఇప్పటి డబ్బు లెక్కల్లో ఆ ఐదుగురు ఉండిపోయేవాళ్లా, ఇంకా త్వరగా పోయేవాళ్లా అన్నది నాకు ఎడతెగని ఆలోచన. ఉండిపోయేవాళ్లేమో, ఇప్పుడు కాలేజీలోనూ డబ్బుంది కదా.

నా మటుకు నాకు అన్నిటికంటే బాధగా అనిపించే ఓటమి మాత్రం వేరే. 1990 ఫైనల్లో యూఎన్‌ఎల్‌వీ (లాస్ వేగస్‌లోని నెవాడా యూనివర్సిటీ) డ్యూక్‌ని 103-73తో చితక్కొట్టింది, ఫైనల్ చరిత్రలో అంత తేడా మళ్లీ లేదు. ల్యారీ జాన్సన్, స్టేసీ ఆగ్‌మన్, గ్రెగ్ ఆంథొనీ అందరూ ఉండిపోయారు. మరుసటి సీజన్‌లో వరుసగా 34 గెలుపులు, ఒక్క ఓటమి లేదు. సెమీఫైనల్లో మళ్లీ అదే డ్యూక్, 79-77తో ఓడారు. ఆఖర్లో వాళ్ల ఆశ మీద దెబ్బకొట్టిన త్రీ పాయింటర్ ఎవరిదంటే, పైన చెప్పుకున్న బాబీ హర్లీది. కాబట్టి ‘అందరూ ఉంటే గెలుస్తారు’ అని కూడా రాసిపెట్టుకోవద్దు. ఉంటే దగ్గర దాకా వస్తారు, అంతే.

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్‌కి యూకాన్‌లో చేరుతోంది. అక్కడ ఈ ఆట పిచ్చి ఎక్కువట, చదువు పాడవుతుందా? (ఒక తల్లి, కరీంనగర్)

జవాబు: అమ్మా, టెన్షన్ వద్దు. ముందు ఏ క్యాంపస్సో చూడండి. ప్రధాన క్యాంపస్ స్టోర్స్ అనే పల్లెటూళ్లో ఉంది, 1881లో వ్యవసాయ బడిగా మొదలైన చోటు, ఇప్పటికీ ఆవులు, సొంత ఐస్‌క్రీమ్ దుకాణం ఉన్నాయి. చలికాలంలో చేయడానికి పెద్దగా ఏమీ ఉండదు, అందుకే పదివేల మంది పట్టే గ్యాంపెల్ పెవిలియన్ నిండిపోతుంది. మనవాళ్లు ఎక్కువగా చేరే బిజినెస్ అనలిటిక్స్ లాంటి కోర్సులు హార్ట్‌ఫర్డ్‌లో, స్టాంఫర్డ్‌లో నడుస్తాయి. జట్టు కొన్ని మ్యాచ్‌లు హార్ట్‌ఫర్డ్‌లోనూ ఆడుతుంది. ఒక్క మ్యాచ్ అయినా చూడమనండి. రూమ్‌మేట్స్‌తో, క్లాస్‌లో వాళ్లతో మాట కలపడానికి అంతకన్నా తేలిక దారి లేదు. ఫైనల్ అయితే మీరూ చూడొచ్చు, అక్కడ సోమవారం రాత్రి, మనకి మంగళవారం పొద్దున్న కాఫీ వేళ.

ప్రశ్న: అమ్మాయిల జట్ల గురించి ఎప్పుడూ రాయరేం? అక్కడ కూడా ఛాంపియన్లు ఇలాగే కూలిపోతారా? (ఒక పాఠకురాలు, తిరుపతి)

జవాబు: తప్పకుండా రాయాలి, ఎందుకంటే యూకాన్ అంటే అసలు పేరు అమ్మాయిల జట్టుదే. అబ్బాయిలకి ఆరు కప్పులు (1999, 2004, 2011, 2014, 2023, 2024), అమ్మాయిలకి 2025తో కలిపి పన్నెండు. 2013 నుంచి 2016 దాకా వరుసగా నాలుగు. 2014 నవంబర్ నుంచి 111 మ్యాచ్‌లు వరుసగా గెలిచి 2017లో మిసిసిపీ స్టేట్ చేతిలో ఆగారు. ఛాంపియన్లు ఇక్కడ అంత తేలిగ్గా కూలరు, దానికి కారణం రూలే. అమ్మాయిల ప్రొఫెషనల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ డ్రాఫ్ట్‌కి పోవాలంటే అమెరికా అమ్మాయికి 22 ఏళ్లయినా రావాలి, డిగ్రీ అయినా పూర్తి కావాలి. పైగా 2025 దాకా ప్రొఫెషనల్ జీతాలు తక్కువగానే ఉండేవి కాబట్టి తొందరపడేవాళ్లూ తక్కువే. కోచ్‌కి నాలుగేళ్లు చేతిలో ఉంటాయి.

2024లో 38 మ్యాచ్‌లకి 38 గెలిచి కప్పు ఎత్తిన సౌత్ కరొలైనాని చూడండి. వాళ్ల ‘మరుసటి సీజన్’లో ప్రధాన సెంటర్ కమిల్లా కార్డోసో ప్రొఫెషనల్ లీగ్‌కి వెళ్లిపోయినా మిగతావాళ్లు చాలామంది ఉన్నారు, మళ్లీ ఫైనల్ దాకా వచ్చారు. అక్కడ పేజ్ బెకర్స్ ఆడిన యూకాన్ వాళ్లని 82-59తో ఓడించింది. అబ్బాయిలు ఓడి సరిగ్గా రెండు వారాలకి, అదే యూనివర్సిటీకి కప్పు! హార్ట్‌ఫర్డ్ పాఠకుడు గారూ, మీ ఆఫీసులో దీనికి పండగ జరిగిందా లేదా? మీరు రాయలేదు.

ప్రశ్న: యూసీఎల్‌ఏ (లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ) వరుసగా ఏడుసార్లు గెలిచిందని చదివాను. అప్పుడు అయింది ఇప్పుడు ఎందుకు కాదు? వరుసగా మూడు ఎవరైనా గెలుస్తారా? (రాజమండ్రి)

జవాబు: 1967 నుంచి 1973 దాకా ఏడు, కోచ్ జాన్ వుడెన్. అబ్బాయిల్లో వరుసగా మూడు గెలిచిన జట్టు కూడా అదొక్కటే. సిన్సినాటి 1963లో దగ్గరికి వచ్చి ఫైనల్లో ఓవర్‌టైమ్‌లో 60-58తో లొయోలా షికాగో చేతిలో పోగొట్టుకుంది. యూసీఎల్‌ఏని తక్కువ చేయను, వాళ్లు వరుసగా 88 మ్యాచ్‌లు గెలిచిన జట్టు. కానీ అప్పటి లెక్కలు వేరు. ఒక కాన్ఫరెన్స్ నుంచి ఒకే జట్టుకి ప్రవేశం, కప్పు కొట్టడానికి నాలుగు గెలుపులు చాలు. ఇప్పుడు ఆరు కావాలి. అప్పట్లో మొదటి ఏడాది విద్యార్థులు పెద్ద జట్టులో ఆడకూడదు, ఎన్‌బీఏ కూడా నాలుగేళ్లు కాకుండా తీసుకునేది కాదు. అందుకే తర్వాత కరీం అబ్దుల్ జబ్బార్‌గా మారిన లూ ఆల్సిండర్ మూడేళ్లు ఆడాడు, మూడేళ్లూ కప్పు గెలిచాడు. ఇప్పుడైతే ఆయన్ని ఒక్క శీతాకాలం చూసేవాళ్లం.

మూడు ఎవరైనా గెలుస్తారా అంటే, అబ్బాయిల్లో దగ్గరలో నాకు కనిపించడం లేదు. గెలిస్తే గిలిస్తే 22, 23 ఏళ్ల ముదురు ఆటగాళ్లని డబ్బుతో నిలబెట్టుకోగల జట్టే గెలవాలి. అలాంటి జట్టుకి కూడా ఏదో ఒక మార్చిలో ఎనిమిదో సీడ్‌గా వచ్చి, చివరి మూడు నిమిషాల దాకా వదలని యూకాన్ లాంటిది తగులుతుంది.